కడప రాతి మీద నా పేరు

ప్రయాణాలు నాకు పడవు. బస్సెక్కితే దిగాలనిపిస్తుంది, దిగితే ఏదో మర్చిపోయాననిపిస్తుంది. 'దిగులు' అనే మాట 'దిగు' నుంచే పుట్టి ఉంటుందని నా సొంత వ్యుత్పత్తి. భాష తెలిసినవాళ్లు మన్నించాలి. అయినా రెండువేల అయిదులో, ఒక మాఘమాసపు శనివారం, పొద్దున ఆరు గంటలకే కర్నూలు బస్టాండులో నిలబడ్డానంటే కారణం ఒక్కటే. కడపలో నాకు అవార్డు ఇస్తున్నారు.

అవార్డంటే ఊరేగింపు ఊహించుకోకండి. ఊపిరితిత్తుల వైద్యుల సంఘం ఒకటి ఏటా ఒక ఊళ్లో సభ పెడుతుంది. ముప్పై అయిదేళ్లు దాటకుండా, పరిశోధన పేరుతో ఏదో ఒకటి కెలుకుతున్నవాళ్లలో ఒకరిని వేదిక మీదికి పిలిచి 'యువ పరిశోధకుడు' అంటారు. నాకు అప్పుడు ముప్పై మూడు. జుట్టుకు మాత్రం యాభై దాటాయి. కర్నూల్లో ఒక ఆసుపత్రి ఛాతీ విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి పొడిగిస్తే ఉంటుంది, లేకపోతే లేదు. అవార్డుతోపాటు ఒక పెద్ద నగరంలో ఆర్నెల్ల శిక్షణ ఇస్తారు. అది అయిందంటే ఎక్కడో ఒకచోట స్థిరంగా కూర్చోవచ్చు. అందుకే నాకు కావలసింది శాలువా కాదు, ఆ ఆర్నెల్లు.

పరిశోధన ఏమిటంటే, పొయ్యి పొగ. ఆలూరు చుట్టుపక్కల మెట్ట పల్లెలు రెండు తీసుకున్నాను. అసలు పేర్లు రాయను. అక్కడి ఆడవాళ్లను ఇప్పటికే కావలసినంత ఇబ్బంది పెట్టాను. వాగు పక్కనున్నదాన్ని వాగూరు అనుకుందాం, గుట్ట కిందున్నదాన్ని గుట్టూరు అనుకుందాం. వాగూరులో పొయ్యిలోకి కంది కట్టె, తుమ్మ కట్టె వాడతారు. గుట్టూరులో పత్తి ఏరేశాక చేలోంచి పీకిన పత్తి కట్టె. నా దగ్గర జానెడు ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఉంది. దాంట్లోకి ఊదితే పక్కనున్న ముల్లు ముందుకు జరుగుతుంది. ముల్లు ఎంత దూరం పోతే ఊపిరి అంత బాగున్నట్టు. వాగూరులో నేనే కూర్చుని ఆడవాళ్ల చేత ఊదించాను. గుట్టూరు వంతు వచ్చేసరికి నాకు పరీక్షల డ్యూటీ పడింది. ఎట్లా ఊదించాలో ఒక కాగితం మీద రాసిచ్చి మా ఈరమ్మక్కను పంపాను. మూడు వారాలు ఆమె ఒక్కతే ఇల్లిల్లూ తిరిగింది.

వాగూరులో ముల్లు బాగానే పరిగెత్తింది. గుట్టూరులో సగం దూరంలోనే చతికిలబడింది. ఇంకేముంది, పత్తి కట్టె పొగ మిగతా పొగలన్నిటికంటే చెడ్డదని, మీద కొట్టిన పురుగుమందే కారణమై ఉండొచ్చని రాసేశాను. పెద్దలకు నచ్చింది. రాసి ఊరుకున్నా బాగుండేది. గుట్టూరు పోయి బడి వరండాలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, పత్తి కట్టె ముట్టుకోవద్దని చెప్పొచ్చాను. పాపం, వాళ్లు విన్నారు. ఇంటి ముందు వామి వేసిన కట్టెను వదిలేసి, గుట్ట అవతలకు పోయి సర్కారు తుమ్మ కొట్టి మోపులు మోసుకొస్తున్నారు. పోనూ రానూ ఆరు కిలోమీటర్లు. డాక్టరు మాటకు ఇంత విలువ ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. మా ఇంట్లో ఎప్పుడూ కనపడలేదు.

ఈరమ్మక్కది ఆలూరు. మా పనిలో ఆరోగ్య కార్యకర్త. యాభై దాటిన మనిషి, నుదుట రూపాయంత బొట్టు. అచ్చయిన పరిశోధన పేపర్లో నా పేరు, మా విభాగం పెద్దసారు పేరు తర్వాత మూడో పేరు ఆమెదే. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంట్లో దేవుడి పటాల వరసలో తగిలించుకుంది. అవార్డు చూడటానికి ఆమె రాకపోతే ఎట్లా అని రమ్మన్నాను. కడప దర్గాలో చాదర్ కప్పే మొక్కు ఒకటి పదేళ్లుగా మిగిలిపోయిందట, అదీ తీరుతుందని ముందురోజే కర్నూలు వచ్చి చుట్టాలింట్లో దిగింది.

"ఏం సారూ, నిద్రపోల్యా? కండ్లు ఎర్రగుండాయి" అంది నన్ను చూడగానే.

"అవార్డు భయం అక్కా."

"పెండ్లికొడుకు మాదిరి భయపడ్తాండావే! వాళ్లిస్తారు, నువ్వు తీసుకుంటావు. అంతే గదా."

కడప ఎక్స్‌ప్రెస్ ఆరూ ఇరవైకి కదిలింది. టికెట్టు వంద లోపే. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంటే ఎండ మొహాన కొడుతుంది, కుడివైపు చూసుకోండి. నేను ఎడమవైపే కూర్చున్నాను. మాట్లాడవలసిన పది నిమిషాలను మనసులో నాలుగుసార్లు అప్పజెప్పుకుని, అయిదోసారి మొదటి వాక్యం మరిచిపోయేసరికి నంద్యాల వచ్చింది. ఎనిమిదీ అయిదు. టిఫినుకు ఇరవై నిమిషాలన్నాడు కండక్టరు. బస్టాండు బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. ఈరమ్మక్క నా పళ్లెంలో బజ్జి కూడా తినేసింది. నాకు ఆకలి లేదన్న సంగతి నాకంటే ముందు ఆమె కనిపెట్టింది.

నంద్యాలలో మా ముందు సీటులోకి ఒక జంట ఎక్కింది. మహానంది కోనేట్లో మునిగి వస్తున్నారు. ఆమె జుట్టు ఇంకా ఆరలేదు, ఆయన తడి పంచె కిటికీ కడ్డీకి కట్టేశాడు. బస్సు కదలగానే అది జెండాలా ఎగరడం మొదలుపెట్టింది. ప్రొద్దుటూరులో కిరాణా అంగడి ఉన్న శెట్టిగారు ఆయన. భార్య పేరు రత్నమ్మ. మైదుకూరులో దిగి బస్సు మారతారట.

"మీరు యాడికప్పా?" అని వెనక్కి తిరిగి అడిగాడు శెట్టిగారు.

"కడపకండీ."

"మా సారుకు అవార్డు ఇస్తాండారు!" అంది ఈరమ్మక్క. బస్సు సగం నావైపు తిరిగింది.

"అట్లనా! దేనికి?"

"ఊపిరికి."

"ఊపిరి అందరం పీలుస్తాండాం గదమ్మా. ఈయప్పకొక్కనికే ఎందుకిస్తారు?"

ఇది సరైన ప్రశ్నే. ఇంతవరకు నన్ను ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు. నేను నీళ్లు నములుతుంటే ఈరమ్మక్క సంచీలోంచి గొట్టం తీసింది. సభలో ఎవరన్నా అడిగితే చూపించాలని తెచ్చిందట. నోట్లో పెట్టుకునే చివర కొత్త అట్ట మూతి తగిలించి రత్నమ్మ చేతికిచ్చింది.

"దీంట్లోకి ఊదాలక్కా. అప్పుడు నీ ఊపిరి ఎంతుండాదో ఈ ముల్లు చెప్తాది."

"ఎట్ల ఊదాల?"

"పొయ్యి ఎట్ల ఊదుతావు? దబుక్కున ఊదితే బూడిదంతా మొగాన పడ్తాది గదా. ఊదుగొట్టం పెట్టి మెల్లంగా, పొడుగ్గా, నిప్పు అంటుకునేదాకా ఊదుతాం. అట్ల ఊదు."

రత్నమ్మ కళ్లు మూసుకుని అట్లాగే ఊదింది. మెల్లగా, పొడుగ్గా, బూడిద లేవకుండా. ముల్లు నత్తలా పాకి నూట యాభై దగ్గర ఆగింది.

శెట్టిగారు వంగి చూశాడు. "ఏమే, నువ్వు వంటింట్లో నోరు తెరిస్తే అంగట్లో నాకు వినపడ్తాదే. ఈడ నూటా యాభయ్యేనా?"

అందరూ నవ్వారు. టికెట్లు కొట్టుకుంటూ అటు వచ్చిన కండక్టరుకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. "ఇట్లియ్యమ్మా" అని గొట్టం తీసుకుని, నేను కంగారుగా మూతి మార్చేలోపు, మెడలో వేలాడే విజిల్‌ను రోజూ ఎట్లా ఊదుతాడో అట్లా ఒక్క విసురు విసిరాడు. ముల్లు అయిదువందలు దాటి పోయింది.

"విజిలు కొట్టినట్ల కొట్టాలమ్మా. ఒక్క తూరి. ఫట్‌మని."

రత్నమ్మకు పౌరుషం వచ్చింది. మూతి మార్పించుకుని, గాలి నిండా పీల్చుకుని, "ఫట్" అంది. మూడువందల నలభై. బస్సు చప్పట్లు కొట్టింది. శెట్టిగారైతే లేచి నిలబడి మరీ కొట్టాడు.

నేను కొట్టలేదు. గొట్టం తీసుకుని ముల్లును మళ్లీ చూశాను.

ఆ గొట్టం ఎంతసేపు ఊదారన్నది కొలవదు. ఎంత విసురుగా ఊదారన్నదే కొలుస్తుంది. ఒకే మనిషి, ఒకే బస్సు, ఒక్క నిమిషం తేడా. మెల్లగా ఊదితే జబ్బు మనిషి, విసురుగా ఊదితే బంగారంలాంటి ఊపిరి.

"అక్కా" అన్నాను వీలైనంత మామూలుగా, "గుట్టూరులో కూడా అందరికీ పొయ్యి ఊదినట్టే ఊదమన్నావా?"

"అందరికీ సారూ! ఒక్కరిని ఇడవలే" అంది ఈరమ్మక్క. "నువ్వేమో కాయితంలో దీపం ఊదినట్ల ఊదమని రాసిస్తివి. ఆడోళ్లు యాడన్నా దీపం నోటితో ఊది ఆర్పుతారా? ఇంటికి మంచిది కాదని ఒక్కరూ గొట్టం ముట్టల్యా. రెండు దినాలు ఖాళీగ తిరిగినా. మూడో దినం పొయ్యి ముందర కూసోని ఊదుగొట్టం చూపిచ్చినా. అంతే, బారుగ వచ్చి ఊదినారు. నీకు చెప్పి బెంగ పెట్టేదెందుకులే అని చెప్పల్యా."

వాగూరులో నేను ఏ దీపం సంగతీ ఎత్తలేదు. నా మూతి నేనే పెట్టుకుని ఫట్, ఫట్ అని ప్రతి ఇంటి ముందూ చేసి చూపించాను; వాళ్లు పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వి, నన్ను వెక్కిరిస్తున్నట్టే ఊదారు. కాగితం రాసేటప్పుడు ఫట్‌మనడం ఎట్లా రాయాలో తోచక, మా పాఠాల్లో ఉండే కొవ్వొత్తిని తెలుగులో దీపం చేశాను. కర్నూలు టౌనులో, గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో పెరిగినవాణ్ని. దీపం ఎట్లా ఆర్పుతారో, పొయ్యి ఎట్లా ఊదుతారో రెండూ నాకు తెలియవు. పొయ్యి మీద పరిశోధన మాత్రం చేశాను.

ఈరమ్మక్క సంబరంగా నావైపు చూస్తోంది. "బాగ చేసినావక్కా" అన్నాను. ఆ అబద్ధం ఇప్పటికీ గుర్తుంది.

ఆళ్లగడ్డ తొమ్మిదిన్నరకు. చాగలమర్రి పదికి. ఈ మధ్యలో ఏ చెట్టు చూశానో, ఏ చేను చూశానో అడగకండి. సన్మానానికి బయల్దేరినవాణ్ని అనుమానంతో కూర్చున్నాను, దిగేలోపు అవమానం దాకా పోతానేమోనని లెక్కలు వేసుకుంటున్నాను. ఒక మనసు అంటుంది: ఎవరికి తెలుసు? అవార్డు తీసుకో, ఆర్నెల్లు పోయిరా, తర్వాత నెమ్మదిగా మళ్లీ కొలిచి సవరణ రాసుకో. పొగ ఏదైనా పొగే కదా, పూర్తిగా అబద్ధమేం కాదు. రెండో మనసు ఏమీ అనదు. తుమ్మ ముళ్ల మోపులు నెత్తిన పెట్టుకుని గుట్ట దిగుతున్న ఆడవాళ్లను చూపిస్తుంది, అంతే. నేను ఆర్నెల్లు పోయొస్తే వాళ్లు ఆర్నెల్లు మోస్తారు.

దువ్వూరు దాటాక ఉండబట్టక శెట్టిగారి భుజం తట్టాను. "తక్కెడలో తేడా ఉందని బేరం అయిపోయాక తెలిస్తే ఏం చేస్తారండీ మీరు?"

ఆయన వెనక్కి తిరిగాడు. "ఎక్కువ తూగినానా, తక్కువ తూగినానా, అది చెప్పప్పా ముందు."

"ఇద్దరికీ నష్టమే."

"అట్లాంటి తక్కెడ నా అంగట్లో లేదప్పా" అని పంచె మడతపెట్టుకున్నాడు. మైదుకూరులో దిగుతూ రత్నమ్మ కిటికీ దగ్గరికొచ్చి, "అవార్డు తీసుకోని సల్లంగ ఉండు నాయనా" అంది. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

కడపలో దిగేసరికి పదకొండూ యాభై అయిదు. ఇంటి గడప దాటినప్పుడు అవార్డు తప్ప ఆలోచన లేని నాకు కడప గడపలో ఇంకో ఆలోచనే లేదు, పారిపోవడం తప్ప. వచ్చే బస్సు ఏమైనా కర్నూలుదా అని బోర్డులు చూస్తున్నాను. ఈరమ్మక్క అప్పటికే ఆటో బేరమాడేసింది.

సభ ఒక కల్యాణ మండపంలో. పొద్దుటి పెళ్లి తాలూకు థర్మకోల్ అక్షరాలు ఇంకా వేదిక వెనక ఉన్నాయి. వాటిలో సగం మీద సంఘం బ్యానరు కప్పారు, మిగిలిన సగంలో వరుడి పేరు తెలిసిపోతోంది. పెద్దలకు వేసినవి వధూవరుల కుర్చీలే. భోజనాలు కూడా పెళ్లివారి వంటవాళ్లవే. పులిహోర, గుత్తి వంకాయ, పెరుగన్నం. ఈరమ్మక్క ఆకు ఖాళీ చేసింది. నేను నాలుగు టీలు తాగాను, మందుల కంపెనీల బల్లల ముందు పదకొండుసార్లు అటూ ఇటూ నడిచాను. ఒక బల్ల దగ్గర అబ్బాయి నన్ను దగ్గు మనిషి అనుకుని శాంపిల్ చేతిలో పెట్టాడు.

వేదిక పక్క బల్ల మీద నా జ్ఞాపిక కనపడింది. కడప నల్లరాయి, పుస్తకమంత పలక, అద్దంలా మెరుగు పెట్టారు. మధ్యలో బంగారు రంగు అక్షరాలతో నా పేరు చెక్కి ఉంది. రాతి మీద పేరు చూసుకోవాలంటే మామూలుగా మనిషి పోవాలి. నేను పోకుండానే చూసుకున్నాను, కానీ పోతే బాగుండుననిపించింది.

రెండున్నరకు సంఘం కార్యదర్శిగారిని పట్టుకున్నాను. పాపం, పొద్దుటి నుంచి మైకు కోసం, భోజనాల కోసం పరుగెత్తుతున్న మనిషి. నా లెక్క తప్పైందని, అవార్డు వద్దని చెప్పాను. ఆయన మొదట నా మాట వినలేదు, తర్వాత విన్నా నమ్మలేదు.

"డాక్టరూ, చెక్కించేశాం కదయ్యా! చెరిపితే పోయేది కాదది, రాయి!"

"నా పేరుంటే ఉండనీండి సార్. నాకివ్వకండి."

"వేరేవాళ్లకు నీ పేరున్న రాయి ఇస్తామా?"

మా గొడవ విని సభాధ్యక్షురాలు దగ్గరికొచ్చారు. డెబ్బై ఏళ్ల పెద్ద డాక్టరమ్మ, తెల్ల నేత చీర, చెవికి యంత్రం. సంగతంతా రెండుసార్లు చెప్పించుకున్నారు. "ఈయనకు పది నిమిషాలు ఇచ్చాం కదా" అన్నారు కార్యదర్శితో, "ఆ పది నిమిషాలు ఈయనవే. ఏం చెప్పుకుంటాడో చెప్పుకోనివ్వండి."

మూడూ పదికి వేదికెక్కాను. నేను ధైర్యవంతుణ్నని అనుకునేరు. మైకును రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి జరిపాను. మాట్లాడిందంతా ఇంగ్లీషులోనే, తప్పు దగ్గరికి వచ్చేసరికి అదీ తడబడింది. గుట్టూరు అంకెలన్నీ కొట్టేయమన్నాను. ఎట్లా ఊదించాలో తెలియకుండా కాగితం రాసిచ్చానని, రాసిచ్చాక ఒక్కరోజన్నా పోయి చూడలేదని చెప్పాను. పత్తి కట్టె పొగ మంచిదని అనడం లేదు, మిగతా పొగలకంటే చెడ్డదనడానికి నా దగ్గర రుజువు లేదు, అంతే అన్నాను. మూడో వరుసలో ఇంగ్లీషు రాని ఈరమ్మక్క నేను చేయెత్తినప్పుడల్లా చప్పట్లు కొడుతోంది. ఆమె చప్పట్లు తప్ప హాల్లో ఇంకో చప్పుడు లేదు.

"ఎప్పుడు తెలిసింది మీకిది?" అని అధ్యక్షురాలు అడిగారు.

"ఈ పొద్దునే మేడమ్. నంద్యాల దాటాక."

"అయితే ఇంకెవరికీ తెలియదు."

"బస్సులో అందరికీ తెలుసు మేడమ్."

అప్పుడు నవ్వారు జనం. ఆమె మాత్రం నవ్వలేదు. "పేపరు వెనక్కి తీసుకోండి. మళ్లీ కొలిచి తీసుకురండి. మీకింకా రెండేళ్ల వయసుంది కదా" అన్నారు.

అవార్డు రెండో స్థానంలో ఉన్న అమ్మాయికి ఇచ్చారు. బండల పాలిషు షెడ్లలో పనిచేసేవాళ్ల దగ్గు మీద చేసిన పని ఆమెది. మంచి పని, నేను విన్నాను. రాయి సమస్య మాత్రం అట్లాగే ఉంది. ఎవరో పక్క నర్సింగ్ హోముకు పరుగెత్తి, గాయాలకు వేసే తెల్ల ప్లాస్టరు చుట్ట తెచ్చారు. నా పేరు మీద నాలుగంగుళాల పట్టీ వేసి, దానిమీద స్కెచ్ పెన్నుతో ఆమె పేరు రాశారు. ఆర్నెల్ల శిక్షణ కాగితం కూడా ఆమె చేతికే పోయింది. చప్పట్లు కొట్టాను. అరచేతులు మండేదాకా కొట్టాను, లోపలి మంట తెలియకుండా.

మెట్లు దిగుతూ ఆ అమ్మాయి నా దగ్గర ఆగింది. "సార్, కింద మీ పేరు అట్లే ఉంది" అంది మొహమాటంగా.

"ఉండనీ అమ్మా. దానికి ఊపిరాడకుండా పట్టీ వేశారు కదా, ఏమీ చేయదు" అన్నాను. నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కొంచెం.

బయటికి రాగానే ఈరమ్మక్క కొంగు బిగించింది. "ఏం సారూ, నీ రాయి ఆ పిల్లకెందుకిచ్చినారు? నువ్వెందుకు గమ్మునుండావు?"

"దర్గాకు పోదాం పద అక్కా. అక్కడ చెప్తా."

అయిదున్నరకు దర్గా. పూలు, అత్తరు, చాదర్ల అంగళ్లు, పిల్లల బొమ్మలు. ఆమె చాదర్ కప్పి, ప్రసాదం తీసుకుని వచ్చి ఒక మూల కూర్చుంది. చెప్పాను. దీపం సంగతి, పొయ్యి సంగతి, విజిల్ సంగతి. ఆమె చాదర్ కట్టిన దారాన్ని వేలికి చుట్టుకుంది. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"ఆడ నా పేరు చెప్పినావా?" అంది.

"లేదక్కా. తప్పు నాదని చెప్పినా. నీ పేరు ఎత్తనే లేదు."

"ఎందుకెత్తల్యా?"

"నిన్ను మాట పడనిస్తానా?"

"శానా మంచోనివిలే" అంది ఈరమ్మక్క. గొంతులో కారం దిగింది. "పేపర్లో ఎయ్యనీకె నా పేరు పనికొచ్చె. తప్పులో ఎయ్యనీకె పనికిరాల్యా? కాయితం రాసింది నువ్వు, పొయ్యి చూపిచ్చింది నేను. ఇద్దరం గదా చేసింది. నువ్వొక్కనివే చేసినట్ల చెప్పుకోని వస్తివి. నేను ఆడ ఊరికే చప్పట్లు కొట్టే దానికి వచ్చినట్లాయె."

పెద్దరికం చేశాననుకున్నాను, ఆమెను చిన్నది చేశాను.

"రేపు కర్నూలుకు పోతావా?" అంది.

"పోవాల కదా."

"నేను గుంతకల్లు మీద పోతా. గుట్టూరులో దిగి ఆడోళ్లకు చెప్పాల. ఇంకొక్క దినం కూడా వాళ్లు మోయకూడదు." లేచి, బొమ్మల అంగడి దగ్గరికి పోయి పిల్లలు ఊదే ప్లాస్టిక్ పీకలు ఒక డజను బేరమాడి కొనుక్కుంది. మెల్లగా ఊదితే అవి పలకవు. అంగడతని ముందే ఒకటొకటిగా ఊది చూసుకుంది. దర్గాకు వచ్చినవాళ్లంతా మావైపు చూశారు.

నేనూ గుంతకల్లు దారే పట్టాను. ఆదివారం పొద్దున ఏడూ ఇరవైకి పాసింజరు. ఇప్పటికీ అదే వేళో కాదో కనుక్కుని వెళ్లండి. ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి. ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది, కొన్నిచోట్ల స్టేషన్ లేకపోయినా ఆగుతుంది. ముద్దనూరులో శనగలు, గుత్తిలో పెరుగన్నం పొట్లాలు. ముందురోజంతా పట్టని నా కడుపు ఆ రోజు దేన్నీ వదల్లేదు. ఆర్నెల్ల శిక్షణ గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో పొట్లం విప్పాను. ఎదుటి సీటు ముసలాయన ఈరమ్మక్క పీక ఊదడం చూసి, "ఈ వయసులో ఏందమ్మా?" అన్నాడు. "ఉద్యోగం తాతా" అందామె.

పన్నెండుంబావుకు గుంతకల్లు. అక్కడినుంచి ఆలూరు బస్సు గంట. ఆలూరులో ఇంకో బస్సు మారి, గుట్టూరు దారి దగ్గర రోడ్డు మీద దిగేసరికి మూడు దాటింది. ఊరు ఇంకో కిలోమీటరున్నర లోపలికి. గుట్ట మీది కాలిబాట రోడ్డును కలిసేచోట సుంకమ్మ ఎదురైంది, నెత్తిన తుమ్మ మోపుతో. ఇంకా పాతికేళ్లు నిండని మనిషి. మోచేతి మీద ముల్లు గీరిన గీత ఎర్రగా ఉంది.

ఈరమ్మక్క నన్ను ఆపి, తనే ముందుకు పోయింది. "సుంకమ్మా, తప్పయింది. మీ ఊపిరి బాగనే ఉండాది. ఊదిచ్చింది నేను తప్పుగ ఊదిచ్చినా, లెక్క రాసింది ఈ సారు తప్పుగ రాసినాడు. మీ ఇంటి కాడుండే కట్టె కాల్చుకోండి, కిటికీ తెరిచి కాల్చుకోండి. మళ్లా కొలుస్తాం."

సుంకమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది. మోపు ఇంకా నెత్తినే ఉంది.

"అంటే సంక్రాంతి ముందర్నుంచి ఊరికే మోస్తాండామా?"

"ఊరికేనమ్మా" అన్నాను.

"మా అత్త మోకాలు పట్టేసె. మా ఆయన కట్టె తెచ్చే దానికి పోతావా, కూలికి పోతావా అని దినాము కొట్లాట. ఎంత సదువుకున్నావు సారూ నువ్వు?"

"చాలా ఏళ్లమ్మా."

"అట్లయితే ఇది మొయ్యి."

వంగి, మోపును నా నెత్తి మీదికి దించింది. ఈరమ్మక్క అడ్డం రాలేదు. మోపును కాస్త ఎత్తి, సుంకమ్మ నెత్తి మీది గుడ్డ చుట్టను నా నెత్తిన సరిచేసి పెట్టి, అవతలి కొసకు ఒక చేయి సాయం పట్టింది.

ఈ దారిన ఎవరైనా వెళ్లదలిస్తే చెబుతున్నాను. కర్నూలు నుంచి కడపకు అయిదున్నర గంటలు, కడప నుంచి గుంతకల్లుకు అయిదు, అక్కడినుంచి రోడ్డు దాకా ఇంకో మూడు. అదంతా కూర్చుని చేసే ప్రయాణం. చివరి కిలోమీటరున్నర నడవాలి. ఖాళీ చేతులతో ఇరవై నిమిషాలు పడుతుందట. నాకు యాభై పట్టింది. మూడుసార్లు మోపు దించుకుని రొప్పాను. మూడుసార్లూ సుంకమ్మ రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, నేను లేచేదాకా ఓపికగా చూసింది. మోపు మాత్రం తిరిగి తీసుకోలేదు.